చిన్నకోడలు ఎడిటింగ్ నేర్చుకున్న వైనం

ఆ స్టూడియోలో రెండు గదులు. ముందుగది వచ్చేపోయే వాళ్లందరిదీ, లోపలిగది ఎడిటర్‌ది. ముందుగదిలో గోడనిండా నవ్వుతున్న పెళ్లిజంటలు, ఒక సోఫా, నీళ్ల క్యాను, ఒక బల్ల, ఆ బల్ల వెనక చిన్నకోడలు. లోపలిగదిలో ఏసీ, రెండు పెద్ద తెరలు, తిరిగే కుర్చీ, ఆ కుర్చీలో మెడకి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్న ఎడిటర్. మధ్యలో ఎప్పుడూ మూసి ఉండే తలుపు.

చిన్నకోడలంటే ఆ స్టూడియో యజమానికి తమ్ముడి భార్య. ఆమెకీ ఒక పేరుంది, లేదనను. కానీ పెళ్లయి ఆ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి అత్తగారు "చిన్నకోడలా" అని పిలవడం, వీధంతా అదే పట్టుకోవడం జరిగిపోయింది. ఆఖరికి కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా అలాగే పిలుస్తాడు. ఆమె భర్త సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. "ఇంట్లో ఖాళీగా కూర్చోవడం దేనికమ్మా, వచ్చి కాస్త కౌంటర్ చూసుకో" అని బావగారు పిలిచినప్పుడు ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. ఖాళీగా ఎప్పుడు కూర్చుందో మాత్రం అడక్కండి. అత్తగారి మోకాళ్ల నొప్పులు, పిల్ల స్కూలు, వంట, అంట్లు, బట్టలు, వీటన్నిటినీ కలిపి ఆ ఇంట్లో మగవాళ్లు ఖాళీ అంటారు.

కౌంటర్ పని కూడా అలాంటిదే. కెమెరావాళ్లు తెచ్చిన కార్డుల్లోంచి వీడియోలన్నీ డిస్కులోకి ఎక్కించాలి, ఆల్బమ్‌ల మీద దుమ్ము దులపాలి, వచ్చినవాళ్లకి నీళ్లివ్వాలి, "మా పెళ్లి వీడియో మా పిల్లాడి పెళ్లికైనా ఇస్తారా?" అని గయ్యిమనే వాళ్ల చేత తిట్లు తినాలి. తిట్లన్నీ ముందుగదికి, మెప్పంతా లోపలిగదికి. ఆమె టీ తీసుకుని తలుపు తోసిందో లేదో, ఎడిటర్ చటుక్కున తెర మీది పనిని కిందికి దించేసి, ఖాళీ తెర ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఈమె గ్లాసు పెట్టి మళ్లీ తలుపు మూసేదాకా అదే భంగిమ. ఆ పనిలో ఉన్న చాలామందికి అదో జబ్బు. వేళ్లు ఎక్కడ నొక్కుతున్నాయో ఎవరైనా చూస్తే రేపు ఎదురుగా కొట్టు పెట్టేస్తారని భయం.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

"ఏవండీ, ఈ ముక్కకీ ఆ ముక్కకీ అతుకు కనబడకుండా ఎలా కలుపుతారు? కాస్త చూపిస్తారా?"

ఎడిటర్ నవ్వాడు. నవ్వితే నవ్వాడు, ముందుగదిలోకి వచ్చి బావగారికి కూడా చెప్పి నవ్వించాడు. సోఫాలో కూర్చున్న ఎవరో కస్టమర్ సంగతేమిటో తెలియకపోయినా తనూ ఓ నవ్వు కలిపాడు. బావగారు కళ్లు తుడుచుకుంటూ, "నీకెందుకమ్మా ఆ తలనొప్పి? మగాళ్లకే బుర్ర తినేసే పని అది. నువ్వు ఆల్బమ్‌లు చూసుకో" అన్నారు.

చిన్నకోడలు ఆల్బమ్ తుడుస్తూనే ఉంది గానీ ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! అడిగింది ఆస్తిలో వాటా కాదు కదా. "నేర్పరా? సరే. ఇక మిమ్మల్ని అడిగితే ఒట్టు" అని ఆ మధ్యాహ్నమే, జనం పల్చబడ్డాక, బల్ల కింద ఫోను పెట్టుకుని ఎడిటింగ్ నేర్పే వీడియోలు వెతకడం మొదలుపెట్టింది.

మొదట దొరికింది గంటమ్మ. ఆవిడ అసలు పేరేమిటో మనకనవసరం. తెలుగులో చెప్తుంది కదా అని చిన్నకోడలు గట్టిగా పట్టుకుంది. కానీ పాఠంలో సగంసేపు "ఆ గంట గుర్తు నొక్కండి, నొక్కితేనే నా వీడియోలు మీ దాకా వస్తాయి" అని బతిమాలుకోవడమే సరిపోయేది. "నొక్కానమ్మా తల్లీ, నొక్కాను! ఇక చెప్పు" అని చిన్నకోడలు ఫోనుతో దెబ్బలాడేది. ఎంత విసుక్కున్నా పునాది వేసింది గంటమ్మే. డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఎక్కడ దొరుకుతుంది, వీడియోని ఎలా పరుచుకోవాలి, ఎక్కడ తెంపాలి, పాట సౌండు ఎక్కడ తగ్గించాలి, అంతా ఆవిడ చలవే. సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికి బావగారి కొడుకు పారేసిన లాప్‌టాప్ ఒకటి అటక మీద ఉంది. దాని మూత గోడకి ఆనిస్తే గానీ నిలబడదు. భర్త దాన్ని దించి, దులిపి, "ఇది పనిచేస్తే నేను విమానం నడుపుతాను" అన్నాడు. పనిచేసింది.

ఆ తర్వాత గడ్డం తమ్ముడు. ఏ దేశం వాడో గానీ ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా వాయించేస్తాడు. చిన్నకోడలు స్పీడు సగానికి తగ్గించి పెట్టుకునేది. అప్పుడు వాడు పీకల దాకా తాగినవాడిలా సాగదీసి మాట్లాడేవాడు, తెర అడుగున పడే అక్షరాలు కూడబలుక్కోవడానికి వీలయ్యేది. పక్కగదిలోంచి అత్తగారు "ఎవడే ఆ తాగుబోతు? పట్టపగలు ఇంట్లోకి ఎలా రానిచ్చావు?" అని కేకేసింది. గడ్డం తమ్ముడి పాఠాల్లో రెండు సూత్రాలు మళ్లీ మళ్లీ వచ్చేవి. ఒకటి, ఖాళీ ఉంటే జనం పారిపోతారు, కాబట్టి ఎక్కడ మాట ఆగితే అక్కడ కోసెయ్. రెండు, కోసినచోట బొమ్మ కుదుపుగా కనబడితే దాని మీద ఇంకో బొమ్మ కప్పెయ్. చిన్నకోడలు ఆ రెండూ నూరిపోసుకుని తాగేసింది.

ఇంకో సైటువాళ్లు, నేర్చుకునేవాళ్ల కోసమని ఎడిట్ చెయ్యని సీను ఒకటి ఉచితంగా పెట్టారు. వంటగదిలో మొగుడూ పెళ్లామూ. ఆమె కోటు వేసుకుని వెళ్లిపోబోతుంది, అతను తలుపు దగ్గర నిలబడతాడు. ఆ గొడవనే ముందు నుంచి, పక్క నుంచి, దగ్గర నుంచి, దూరం నుంచి తీసి పడేశారు. ఎక్కడెక్కడి వాళ్లో ఆ ఇద్దర్నీ ముక్కలు చేసి, అతికించి, అక్కడ పెడతారు. ఒకరి పనికి ఒకరు వంకలు చెప్పుకుంటారు. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో "ఆమె కళ్లెత్తకముందే ఎందుకు తెంపావు?" అని చిన్నకోడల్ని అడిగితే, అంత మర్యాదగా తనని ఎవరూ ఏదీ అడగలేదని ఆమె ఆ ప్రశ్ననే పదేపదే చదువుకుంది.

ఆ మొగుడూ పెళ్లాల గొడవకి అత్తగారు కూడా అలవాటు పడిపోయింది.

"ఏమే, ఇవాళ వెళ్లిపోయిందా?"

"లేదత్తయ్యా, ఇవాళ ఉంచేశాను."

"దానికి బుద్ధి లేదు సరే, నీకూ లేదా? వాడి మొహం చూస్తే తెలియట్లా? పంపించెయ్."

మర్నాడు పంపించేస్తే, "అయ్యో, పాపం, వాణ్ణి ఒంటరివాణ్ణి చేశావు కదే!" అని అత్తగారు వాపోయింది.

"మీరేగా పంపమన్నారు!"

"నేనంటే పెద్దదాన్ని, ఏదో అంటాను. నీ బుర్ర ఏం చేస్తోంది?"

తన బుర్ర ఏం చేస్తోందో చిన్నకోడలికి అప్పుడే కాస్త తెలిసొచ్చింది. అవే మాటలు, వాళ్లే మనుషులు. అతని మొహం మీద కాసేపు ఎక్కువ ఆగితే అత్తగారు అతని వైపు, ఆమె మొహం మీద ఆగితే ఆమె వైపు. ఈ పనిలో ఇంత అధికారం ఉందా అని ఆమెకి భయమూ వేసింది, సరదా కూడా పుట్టింది. లోపలిగదిలో ఆ తిరిగే కుర్చీ ఎలాగైనా కావాలనిపించింది. చాటుగా ఇంట్లో కాదు, అందరూ చూస్తుండగా ఆ కుర్చీలో కూర్చుని, తలుపు తెరిచి పెట్టుకుని పనిచెయ్యాలి. కావాలంటే కావాలి, అంతే.

అవకాశం ఎడిటరే ఇచ్చాడు. పక్కవీధిలో కొత్త స్టూడియో వాళ్లు పిలవగానే పనులన్నీ నడిమధ్యలో వదిలేసి చెక్కేశాడు. బావగారి తల ప్రాణం తోకకొచ్చింది. మోటారుసైకిళ్ల షోరూం యజమాని తండ్రిగారికి ఎనభయ్యో పుట్టినరోజు, పెద్ద హాలు, అతిథుల ముందు ఆయన జీవితం మీద వీడియో వెయ్యాలి. షూటింగ్ అయిపోయింది, ఎడిటింగ్ మిగిలిపోయింది.

"నేను చేస్తాను బావగారూ."

"ఇది నవ్వులాట కాదమ్మా!"

"నేనూ నవ్వట్లేదు."

లాప్‌టాప్ తెచ్చి గోడకి ఆనించి, కోటు వేసుకున్న పెళ్లాన్ని చూపించింది. బావగారు మొదటిసారి నిలబడి చూశారు, రెండోసారి కూర్చుని చూశారు. "ఇది నువ్వు కోసిందేనా? ఎవరు నేర్పారు?" అన్నారు. గంటమ్మ గురించీ గడ్డం తమ్ముడి గురించీ చెప్తే నమ్మే మనిషి కాదు. "నేర్చుకున్నాను" అని ఊరుకుంది.

ఆ ఎనభయ్యేళ్ల పెద్దాయన్ని ఊళ్లో సైకిళ్ల తాతగారు అంటారు. చిన్న సైకిలు కొట్టుతో మొదలై అంత కుటుంబాన్ని నిలబెట్టాడు. ఆ మధ్య పక్షవాతం వచ్చి మాట మందగించింది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య టీ తాగి రావచ్చు. చిన్నకోడలు లోపలిగదిలో ఆ కుర్చీలో కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌లో మనిషి మాట గుట్టలు గుట్టలుగా కనబడుతుంది, మౌనం చదునుగా కనబడుతుంది. గడ్డం తమ్ముడు చెప్పిన మీట ఒకటి నొక్కితే చదునంతా తనంతట తనే ఎగిరిపోతుంది. నొక్కింది. తాతగారు గడగడా మాట్లాడేశాడు. అక్కడక్కడ తల చటుక్కున పక్కకి ఎగిరినట్టు కుదుపులొచ్చాయి. వాటి మీద పాత సైకిళ్లు, కొత్త షోరూం, రిబ్బను కత్తిరింపులు కప్పేసింది. "మీ జీవితంలో పెద్ద అదృష్టం ఏంటి?" అని కెమెరామన్ అడిగితే, తాతగారి గొంతు "నా అదృష్టం... ఇదిగో, ఇదే" అంటుంటే, తెర మీద దీపాలతో ధగధగలాడే షోరూం. పాట హెచ్చింది. తన పనికి తనే పొంగిపోయింది.

షోరూం యజమాని వచ్చి చూసి, ఆ షోరూం ముక్క దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ వేయించుకుని చూశాడు. "మా నాన్నగారు ఇంత బాగా మాట్లాడి ఎన్నాళ్లైందండీ! ఎవరు చేశారు?" అన్నాడు. బావగారు ఛాతీ విరుచుకుని, "మా మరదలే" అన్నారు. ఆయన అటు వెళ్లగానే, "ఆ కుర్చీ ఇక నీదేనమ్మా" అన్నారు. చిన్నకోడలు గాల్లో తేలిపోయింది. తేలదూ?

షోరూం యజమానితో పాటు వాళ్లమ్మ కూడా వచ్చింది. సన్నటి మనిషి, చేతికి పాత వాచీ. కొడుకు కారు తియ్యడానికి వెళ్లాక ఆవిడ సోఫాలోంచి లేవకుండా చిన్నకోడలి వైపు చూసింది.

"అమ్మాయీ, బాగా చేశావు. ఊరికే ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. ఇదే అన్నప్పుడు ఆయన చూసింది షోరూమ్‌ని కాదమ్మా. నన్ను."

"మిమ్మల్నా?"

"నేను నీళ్ల కోసం లేచాను. నేను వచ్చేదాకా ఆగారు. వచ్చాక అన్నారు. పెళ్లైన ఇన్నేళ్లలో నాతో అలాంటి మాట అనలేదు. ఒక్కసారి అన్నారు, అది కాస్తా షోరూమ్‌కి పోయింది." ఆవిడ నవ్వి, లేచింది. "పోనీలే. వాడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు."

చిన్నకోడలు పరుగున లోపలికెళ్లి కోయని వీడియో తెరిచింది. అప్పుడు గానీ తన తెలివి తనకి అర్థం కాలేదు. ఆ చదును ముక్కల్ని ఆమె అసలు చూడనేలేదు. గుట్టలు చూసుకుని కోసింది గానీ మనిషిని చూసి కొయ్యలేదు. ఇప్పుడు చూసింది. తాతగారు "నా అదృష్టం" అని ఆగాడు. పక్కకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. మొహంలో చిన్నపిల్లాడి కంగారు. కెమెరామన్ "చెప్పండి తాతగారూ" అన్నా చెప్పలేదు, చూస్తూనే ఉన్నాడు. చాలాసేపటికి పక్కనుంచి ఒక చెయ్యి, పాత వాచీ ఉన్న చెయ్యి, నీళ్లగ్లాసుతో వచ్చింది. తాతగారు గ్లాసుని వదిలేసి ఆ చేతిని పట్టుకున్నాడు. "ఇదిగో. ఇదే."

"ఛీ, ఎంత పని చేశాను!" అని చిన్నకోడలు తల కొట్టుకుంది. ఈ తప్పు గడ్డం తమ్ముడిది కాదు. వాడికి ఈ తాతగారెవరో తెలియదు, తనకి తెలుసు. ఆ రోజంతా కూర్చుని వీడియో మళ్లీ మొదటి నుంచి కోసింది. మౌనాలు ఎక్కడివక్కడ పెట్టింది. షోరూమ్‌ని తీసెయ్యలేదు, దాని చోట దాన్ని పెట్టింది.

బావగారు చూసి ఒంటికాలి మీద లేచారు.

"కస్టమర్ బాగుందన్నాక వేలు పెట్టకూడదమ్మా! ఆ ముసలాయన అంతసేపు దిక్కులు చూస్తుంటే జనం లేచి వెళ్లిపోతారు. పాతదే వెయ్."

"ఆయన ఆ మాట షోరూం గురించి అనలేదు బావగారూ. నేను అనిపించాను."

"అనిపిస్తే అనిపించావు, బాగుంది కదా! వాళ్లకి లేని నొప్పి నీకెందుకు?"

"తాతగారి భార్యకి ఉంది."

"బిల్లు కట్టేది ఆవిడ కాదు. చూడమ్మా, ఆ కుర్చీలో కూర్చోవాలంటే నేను చెప్పినట్టు చెయ్యి. లేదంటే కౌంటర్ ఎలాగూ ఉంది."

షోరూం యజమానికే ఫోన్ చేసి, "ఒకసారి కొత్తది చూడండి" అని బతిమాలింది. "బ్రహ్మాండంగా ఉంది, దాన్ని ముట్టుకోకండి మేడమ్" అని ఆయన పెట్టేశాడు. ఇంటికొచ్చి అత్తగారి మోకాళ్లకి మందు రాస్తూ చిన్నకోడలు అంతా చెప్పేసింది.

"నీకా కుర్చీ కావాలా, వద్దా?" అంది అత్తగారు.

"కావాలి అత్తయ్యా. చచ్చేంత కావాలి."

"మరి వాడు చెప్పినట్టు వేసెయ్."

"వెయ్యను. ఒక మనిషి పెళ్లానికి చెప్పుకున్న మాటని నేను కొట్టేసి బండ్లకి అంటగట్టాను. తెలియక చేశాను, ఒప్పుకుంటాను. తెలిశాక కూడా చేస్తే నేనేం మనిషిని?"

అత్తగారు కాళ్లు వెనక్కి లాక్కుంది. "వాడు నా కడుపున పుట్టిన మొండివాడు. నువ్వు నాకు దొరికిన మొండిదానివి. మధ్యలో నన్నెందుకు నలిపేస్తారు? వెళ్లు, వెళ్లి నీ ఇష్టం వచ్చినట్టు ఏడు" అని గోడ వైపు తిరిగిపోయింది. తిరిగిపోయి, "ఏ బట్టలు కట్టుకుంటున్నావు? మంచివి కట్టుకో" అంది.

హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో తాతగారు, పక్కన ఆవిడ, ఆ పక్కన కొడుకు. బావగారు కెమెరాల దగ్గర హడావిడిగా ఉన్నారు. ప్రొజెక్టర్ పక్కన స్టూడియో లాప్‌టాప్ ముందు చిన్నకోడలు. పాతదీ కొత్తదీ రెండూ ఎదురుగానే ఉన్నాయి. ఆమె కొత్తది నొక్కింది.

సైకిలు కొట్టు వచ్చింది, పెళ్లిఫొటో వచ్చింది, తాతగారు మెల్లగా, తన ధోరణిలో మాట్లాడాడు. జనం బాగానే చూశారు. అప్పుడా ప్రశ్న వచ్చింది. "నా అదృష్టం" అని తెర మీద తాతగారు ఆగిపోయాడు.

కాసేపు ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత ఎవరో దగ్గారు. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. "ఆగిపోయినట్టుందే" అని వెనకనుంచి ఒక గొంతు. కొడుకు మెడ తిప్పి చిన్నకోడలి వైపు కోపంగా చూశాడు. తెర మీద తాతగారు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. బావగారు జనాన్ని తోసుకుంటూ వచ్చేశారు.

"పాతది వెయ్యమన్నానా లేదా? ముందుకి జరుపు!"

"జరపను."

"పరువు పోతోంది, జరుపమ్మా!"

ఆయన చెయ్యి చాచారు. చిన్నకోడలు లాప్‌టాప్ మీద రెండు అరచేతులూ పరిచేసింది. "ముట్టుకోకండి బావగారూ. ఆయన ఆగారు. మనమూ ఆగుదాం."

తెర మీదికి పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది, నీళ్లగ్లాసుతో. వాచీ చూసి కొడుకు గుర్తుపట్టాడు. గభాలున ముందుకి తిరిగాడు, మళ్లీ వెనక్కి చూడలేదు. "ఇదిగో. ఇదే" అన్నాడు తాతగారు తెర మీద. ముందు వరసలో ఆవిడ తల వంచేసుకుంది. తాతగారు తెరని చూడటం మానేసి, ఆవిడ పక్కనే ఉందో లేదో అని చెయ్యి తడుముకున్నాడు. హాల్లో దగ్గు కూడా వినబడలేదు.

బావగారు మాత్రం అవేమీ చూడలేదు. తెరకి వీపు పెట్టి, ప్రొజెక్టర్ వెలుగుకి అడ్డంగా నిలబడి, పళ్లు బిగించి చిన్నకోడలితో అన్నారు, "రేపట్నుంచి నువ్వా గదిలోకి రానక్కర్లేదు. విన్నావా?"

"విన్నాను, రాను" అంది చిన్నకోడలు. అరచేతులు లాప్‌టాప్ మీద నుంచి తియ్యలేదు. "ఇంకా సగం ఉంది. కాస్త పక్కకి జరగండి బావగారూ, వెనకవాళ్లకి కనబడట్లేదు."